తుడిచేసినా తెరుచుకున్న పేజీ

నానక్‌రామ్‌గూడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను చేరిన కొత్తలో జరిగిందిది. ఒక ఆస్పత్రి రక్తపరీక్షల రిపోర్టుల సైట్‌ను కొత్త అడ్రస్‌కు మార్చి, మా ఆఫీసు ఆనవాయితీ ప్రకారం కేక్ కోశాం. ఆ హడావిడిలో అద్దెకు తీసుకున్న పాత సర్వర్‌ను ఖాళీ చేసి వదిలేశాను గానీ, ఏ పేరుకు ఏ సర్వరో చెప్పే డొమైన్ పట్టికలోంచి పాత పేరు తీయడం మరిచిపోయాను.

వారం తర్వాత ఆ ఆస్పత్రి నర్సు మేరీ సిస్టర్ ఫోన్ చేశారు.

"మేడం, జర చూడుండ్రి. రిపోర్టు కావాలంటే ఆధార్, ఓటీపీ అడుగుతుంది. పేషెంట్లు ఆ నంబర్లు కొట్టి ఇస్తున్నరు."

"మన సైట్ అలా అడగదండీ!"

"చీటీ మీదున్న అడ్రసే గద మేడం!"

నేనే ఆ అడ్రస్ తెరిచి చూశాను. పేషెంట్లకు ఇచ్చిన పాత చీటీల మీద పాత పేరే ఉంది. నేను ఖాళీ చేసిన చోటును ఎవడో పట్టుకుని, ఆ పేరు మీద దొంగ పేజీ పెట్టాడు. వెంటనే పట్టికలోంచి ఆ పేరు తుడిచేశాను.

"ఇంకా వస్తనే ఉంది!" అన్నారు సిస్టర్.

ఆ పేరు ఏ సర్వర్‌దన్న పాత జవాబును నెట్‌వర్క్‌లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఆ గడువును ఒక రోజుగా పెట్టింది కూడా నేనే.

"ఇగ నేను చూసుకుంట" అంటూ సిస్టర్ 'ఆ పేజీ తెరవొద్దు' అని అట్టముక్క మీద రాసి, సాయంత్రం కౌంటర్ మూసేదాకా దాని ముందే నిలబడ్డారు. అప్పటికే వివరాలు ఇచ్చినవాళ్ల నంబర్లు సిస్టర్ దగ్గర తీసుకుని, నేను ఫోన్లు చేసి, తప్పు నాదేనని చెప్పుకున్నాను.

"దవాఖాన పేరుంటే నమ్మిన బిడ్డా" అన్నాడొక పెద్దాయన. అంతే, తిట్టలేదు.

ఇప్పటికీ ఆఫీసులో కేక్ తెచ్చారంటే, ముందు ఆ డొమైన్ పట్టిక తెరిచి చూస్తాను.