అన్ని పడకలకూ ఎనభై

జగదాంబ రోజూ పొద్దున్నే తణుకులో పాసింజరెక్కి నిడదవోలు వస్తుంది. ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, నడుము నొప్పితో వార్డు డ్యూటీ మానేసి, ఇక్కడి ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా చేరి ఆరేళ్లయింది. చదువులో వెనకబడిన పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడం ఆమెకు అప్పగించిన పని. ఎవరు తరగతి ఎగ్గొడుతున్నారు, ఎవరికి మందు మోతాదు లెక్క రావడం లేదు, సూది పట్టుకుంటే ఎవరి చెయ్యి వణుకుతోంది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది.

ఆమెది సహజంగానే కంగారు మనసు. "ఆ పిల్లల్ని స్కూల్లోనే వదిలేసి రావే" అంటాడు భర్త చంద్రరావు, హార్డ్‌వేర్ కొట్టు కట్టేసి వచ్చి భోజనానికి కూర్చుంటూ. వదలడం ఆమె వల్ల కాదు. ఈ రోజు తన దగ్గర సరిగ్గా నేర్చుకోని పిల్ల రేపు ఎవరి ప్రాణం మీదకు తెస్తుందో అన్న భయం ఆమెను కంచం ముందు కూడా వదలదు.

ఆ ఏడాది నోటుబుక్కులోకి ఎక్కువసార్లు ఎక్కిన పేరు దుర్గాశ్రీ. నరసాపురం పిల్ల. తండ్రి లేడు, తల్లి నూకరత్నం లేసు అల్లుతుంది. ఏం చెప్పినా "అర్థమైందండి" అంటుంది. రాయమంటే సగం తప్పులు. ముందు బెంచీలోనే కూర్చుంటుంది, రెప్ప వెయ్యకుండా ట్యూటరు మొహంలోకి చూస్తుంది. వెనక నుంచి పిలిస్తే మాత్రం పలకదు. వార్డులో ఒక పని చెబితే ఇంకొకటి చేస్తుంది. మూడు నెలల్లో మూడుసార్లు జగదాంబ ఆ పేరు పక్కన "శ్రద్ధ లేదు" అని రాసింది.

ఆగస్టులో ఒక శుక్రవారం పిల్లల్ని బాలింతల వార్డుకు తీసుకువెళ్లింది. ఆరు పడకల బీపీ చూసి రాయడం దుర్గాశ్రీ వంతు. రాసిన కాగితం జగదాంబ చేతికి వచ్చింది. పై అంకెలు ఆరూ ఆరు రకాలుగా ఉన్నాయి. కింది అంకె మాత్రం ఆరింటికీ ఎనభై.

ఆమె కాగితం మళ్లీ చదివింది. ఆరుగురు మనుషులకు కింది అంకె ఒక్కటే ఎలా అవుతుంది?

"ఇవన్నీ నువ్వే చూశావా?"

"చూశానండి."

జగదాంబ బీపీ మిషను తీసుకుని ఒకటో పడక నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఆరో పడక మీద పూజిత అనే అమ్మాయి, కాన్పయి రెండో రోజు, నుదురు గట్టిగా నొక్కుకుంటూ కూర్చుని ఉంది. కాగితంలో ఆమెకు నూట ముప్పై, ఎనభై అని ఉంది.

"ఏంటమ్మా, తలనొప్పా?"

"పొద్దుట్నించీ ఉందండి. కళ్ల ముందు మెరుపుల్లాగా వస్తున్నాయి."

నూట అరవై, నూట పది. రెండోసారి చూసినా అంతే. జగదాంబ నడుము నొప్పి మరిచిపోయి డాక్టరమ్మ గది దాకా పరుగెత్తింది. అప్పటికప్పుడు ఇంజెక్షన్లు మొదలయ్యాయి. "ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవండి" అంది డాక్టరమ్మ.

పూజిత తేరుకుంటోందని తెలిశాక జగదాంబ దుర్గాశ్రీని వరండాలోకి తీసుకువెళ్లి, మాస్కులోంచే గట్టిగా చీవాట్లు పెట్టింది. చూడకుండా రాయడం ఎంత ఘోరమో చెప్పింది. ఆ పిల్ల ఆమె కళ్లలోకే చూస్తూ నిలబడి, చివర్లో "అర్థమైందండి" అంది.

సాయంత్రానికి దుర్గాశ్రీ హాస్టల్లో లేదు. సంచీ లేదు, ఫోను స్విచాఫ్. హాస్టలు రిజిస్టర్లో ఉన్న తల్లి నంబరు పనిచెయ్యడం లేదు.

మర్నాడు జగదాంబ స్కూలుకు వెళ్లలేదు. నరసాపురం బండెక్కింది. తన నోటి నుంచి వచ్చిన ఒక్కొక్క మాటా గుర్తుకొస్తూనే ఉంది. భీమవరం దాటాక, పాలకొల్లు దాటాక, కాలువ మీద వంతెన వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకుంది. ఆ నీళ్ల వంక చూడడానికి ధైర్యం చాల్లేదు.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి తల్లీ కూతుళ్లు ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లుతున్నారు. జగదాంబ గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"దుర్గా" అని పిలిచింది. తల్లి తలెత్తింది. కూతురు వీపు కదల్లేదు. "దుర్గా" అంది మళ్లీ, గొంతు పెంచి. నూకరత్నం కూతురి భుజం తట్టింది. అప్పుడు తిరిగి చూసి, దారం కింద పడేసి లేచి నిలబడింది ఆ పిల్ల.

జగదాంబ తల్లి వైపు తిరిగింది.

"ఈ పిల్లకి వినపడదా అమ్మా?"

నూకరత్నం చేతిలోని లేసు పక్కన పెట్టింది. "చిన్నప్పట్నుంచీ చెవులు కారతాయండి" అంది. "వానాకాలం మరీ ఎక్కువ. దగ్గరగా మాట్లాడితే వింటాదండి, నోరు చూసి పోల్చుకుంటాది. చెబితే సీటివ్వరని నేనే చెప్పొద్దన్నానండి. తప్పు నాదేనండి."

"మాస్కు పెట్టుకుంటే మీరేం అంటున్నారో నాకు తెలీదండి" అంది దుర్గాశ్రీ నేల చూపులు చూస్తూ. "స్టెత్‌లో చప్పుడు ఒక్కనాడూ వినపడలేదు. చెయ్యి నాడి పట్టుకుని, అది మళ్లీ తగిలిన చోట పై అంకె చూసేదాన్ని. కిందది చప్పుడు వింటేగానీ తెలీదు, అందుకే అన్నింటికీ ఎనభై వేశాను."

"మరి పూజితకి నూట ముప్పై అని ఎందుకు రాశావు?"

"నూట అరవై దగ్గర తగిలిందండి. ఎప్పుడూ నేనే తప్పు చేస్తాను కదా, ఇదీ తప్పేననుకుని తగ్గించి రాశాను."

జగదాంబ గడప మీద కూలబడింది. ఈ పిల్ల సరిగ్గానే పట్టుకుంది. పట్టుకున్నదాన్ని నమ్మడానికి లేకుండా చేసిన వాళ్లలో తనూ ఉంది.

సోమవారం ప్రిన్సిపాల్ రామతులసి గారు నోటుబుక్కు తెప్పించుకున్నారు. "లేని అంకె రాసిన పిల్లని ఎలా ఉంచుకుంటామండీ? రేపు ఎవరికైనా ఏదైనా అయితే?"

"శిక్ష వెయ్యండి, కాదనను. కానీ మూడు చోట్ల శ్రద్ధ లేదని రాసింది నేనండి. కనిపెట్టుకుని ఉండాల్సిందాన్ని, ఒక్కసారైనా చెవి చూపించుకోమనలేదు. ఆ పిల్లని పంపేస్తే నన్నూ పంపెయ్యండి."

రామతులసి గారు ఆ రోజు ఏమీ తేల్చలేదు. తర్వాత నాలుగు రోజులూ జగదాంబకు కంటి మీద కునుకు లేదు. ఐదో రోజు చెప్పారు: ఆర్నెల్లు సస్పెన్షన్. వైద్యం చేయించుకుని, పనికి తగినట్టు సర్టిఫికెట్టు తెస్తే కింది బ్యాచిలో చేర్చుకుంటారు. లేకపోతే లేదు.

జగదాంబే రాజమండ్రిలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది. రెండు కర్ణభేరులకూ చిల్లులున్నాయి. కుడి చెవికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక కూడా కొన్ని వారాలు తేడా తెలియలేదు. ఆ వారాల్లో ఫోన్ మోగినప్పుడల్లా జగదాంబ పేరు చూడడానికి కూడా జంకింది. నవంబరులో ఒక రోజు దుర్గాశ్రీ తనే ఫోన్ చేసింది. "మేడమ్, అమ్మ లేసు అల్లుతుంటే గాజుల చప్పుడు వినపడుతోందండి" అంది.

ఎడమ చెవి బాగుపడలేదు, అయినా సర్టిఫికెట్టు తెచ్చుకుని కింది బ్యాచిలో చేరింది. చప్పుడు పెంచి వినిపించే స్టెతస్కోపుతో బీపీ చూడడం నేర్చుకుంది. వార్డులో ఎవరు పని చెప్పినా తిరిగి ఒప్పజెప్పి, అవునన్నాకే కదిలేది. చివరి పరీక్షల్లో ఒక పేపరు పోయింది, మళ్లీ రాసి గట్టెక్కింది. ఇప్పుడు భీమవరంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో పనిచేస్తోంది.

జగదాంబ కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ముందు చెవులూ కళ్లూ పరీక్ష చేయిస్తోంది. దానితో కంగారు తగ్గిందా అంటే లేదు. భీమవరం నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ ఏమైందోనని భయపడుతూనే ఎత్తుతుంది. మొన్న బుధవారం కూడా అలాగే ఎత్తింది.

"ఏంటి దుర్గా, ఏమైంది?"

"ఏం లేదండి, ఒకటి అర్థం కాలేదు, అడుగుదామని" అంది దుర్గాశ్రీ.