తండ్రి గదిలోకి వచ్చినప్పుడు గ్రేస్ నాడి

ఎనభైల మధ్యలో ఒక జూన్ నెలలో నన్ను కలకత్తా దగ్గర లిలువాలో రైల్వే కార్మికుల డిస్పెన్సరీకి సిస్టర్‌గా వేశారు. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగతా రోజుల్లో నాడి, బరువు చూసి కార్డులో రాయడం, అనుమానముంటే పెద్దాసుపత్రికి పంపడం నా పని.

గ్రేస్‌కు పదిహేనేళ్లు. తండ్రి దానియేలు వర్క్‌షాపులో ఫిట్టరు, శ్రీకాకుళం వైపు మనిషి. పిల్లకు రోజూ పొద్దున్నే వాంతులు. రక్తపరీక్ష, ఎక్స్‌రే బాగానే వచ్చాయి. "ఏమీ లేదు" అని దానియేలుకు చెప్పేశాను. నా పొరపాటు అదే. పిల్ల నటిస్తోందని ఆయన అనుకున్నాడు. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గింది. ఆ అంకె రాస్తుంటే నాకు భయం వేసింది.

ఆ రోజు తండ్రి బయట మందుల కిటికీ దగ్గరున్నాడు. నాడి ఎనభై నాలుగు. ఇంట్లో పొద్దున్న ఏం జరుగుతుందని అడిగాను. గ్రేస్ తలుపు వైపు చూసి చిన్నగా చెప్పింది: "వర్క్‌షాపు సైరన్ కూసేదాకా నిలబెట్టి పాఠాలడుగుతాడు సిస్టర్. నాన లేచిన సప్పుడింటే సాలు, కడుపులో తిప్పేస్తాది."

అంతలో దానియేలు లోపలికొచ్చాడు. నా వేళ్లు ఇంకా ఆమె మణికట్టు మీదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. నూట ముప్పై.

"ఏటీ లేదని మీరే సెప్పారు కదండీ. బడి ఎగ్గొట్టడానికే ఈ ఏసాలన్నీ," అన్నాడు.

నేను వాదించలేదు. ఆయన వేళ్లు కూతురి నాడి మీద పెట్టించి, నా గడియారం చూపించి లెక్కపెట్టమన్నాను. పైకే లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోయాడు. మీరు రాకముందు ఎనభై నాలుగే ఉందని, ఇది నటిస్తే పెరిగేది కాదని చెప్పాను.

కూతురి చెయ్యి మెల్లగా వదిలాడు. "పెమోషన్ పరీచ్చ రెండుసార్లు పోయిందండి నాకు. అది నాలాగవకూడదనే..."

ఆ వారం వచ్చినప్పుడు డాక్టరు పొద్దుటి పాఠాలు మాన్పించి, మానసిక వైద్యుడికి చీటీ రాశారు. పిచ్చాసుపత్రికి పంపనని దానియేలు మొండికేస్తే, తల్లి తీసుకెళ్లింది. దుర్గాపూజ సెలవులనాటికి వాంతులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. పదో తరగతి మాధ్యమిక్ పరీక్ష మొదటి రోజు పొద్దున్న కూడా వాంతి చేసుకునే వెళ్లింది. రాసింది, పాసయింది.

అప్పటినుంచి ఆ వయసు పిల్లలతో ముందు ఒంటరిగా మాట్లాడేదాన్ని. పరీక్షలన్నీ బాగున్నా బాధ నిజమేనని తల్లిదండ్రులకు విడిగా చెప్పేదాన్ని.