గేటు పాటలో గతుకు

మా తాత కట్టిన పాటను అమెరికా వాళ్లు ఎత్తుకుపోయారని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. తెనాలి పెళ్లి ఊరేగింపులో వాయించే పాట అమెరికా దాకా ఎలా వెళ్లిందో చూసినవాళ్లు ఎవరూ లేరు. సాక్ష్యం మాత్రం రోజూ సాయంత్రం టీవీలో వచ్చేది.

రెండు వేలు దాటిన కొత్తల్లో మా ఇంటికి కేబుల్ వచ్చింది. నేను హైస్కూల్లో ఉన్నాను. బడి నుంచి రాగానే సంచి ఓ మూల పడేసి పాత అమెరికా కార్టూన్ల ముందు చేరేదాన్ని. వాటిలో ఎక్కడో ఒకచోట ఫ్యాక్టరీ వచ్చి తీరుతుంది. బెల్టు మీద డబ్బాలు బారులు తీరి కదులుతుంటే ఏ పిల్లో కుక్కో వాటి మధ్య ఇరుక్కుని, చపాతీలా చదునై బయటికొస్తుంది. ఆ యంత్రం కదలగానే వెనక ఒక సంగీతం మొదలయ్యేది. ధన్ ధన్‌మని బరువుగా అడుగులు వేస్తూ, పైన బాకాలు మూలుగుతూ. మొదటిసారి విన్నప్పుడు నేను తింటున్న మరమరాలు నోట్లోనే ఉండిపోయాయి. అది మా గేటు పాట.

మాది బ్యాండు మేళం ఇల్లు. సాయిబులమే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఏ మతం వాళ్ల పెళ్లయినా ఊరేగింపు ముందు నడిచేది మేమే. తెనాలిలో ఊరేగింపు అన్నాక ఎక్కడో ఒకచోట రైలు గేటు దగ్గర ఆగక తప్పదు. గేటు పడిందంటే పెళ్లి కళ సగం పోతుంది. పిల్లలు సోడాకొట్టు మీద పడతారు, మగవాళ్లు సిగరెట్లకి తప్పుకుంటారు, పెళ్లికొడుకు కారులో ఒంటరిగా చెమటలు కక్కుతుంటాడు. అందుకని తాత గేటు కోసమే ఒక పాట పెట్టాడు. సినిమా పాట కాదు, మాటలు లేవు. ముందు క్లారినెట్ గుక్క తిప్పుకోకుండా వసపిట్టలా వాగుతుంది. తర్వాత మరలు తిరుగుతున్నట్టు మేళమంతా కలిసి బరువుగా కదులుతుంది. విన్నవాడు గేటు తెరిచేదాకా కదలడు.

ఆ పాట మధ్యలో ఒక గతుకు ఉంది. ఒకే ముక్క మూడుసార్లు తడబడి, తర్వాత ఒక్క దూకు దూకి ముందుకు పోతుంది. ముందర చిందులు వేసే కుర్రాళ్లు కూడా అక్కడ కావాలనే మూడుసార్లు తూలేవారు. "మిగతాదంతా ఎవడైనా కడతాడు. ఆ గతుకు పెట్టాలంటే మా నాన్నే పుట్టాలి" అని మా నాన్న క్లారినెట్ తుడుస్తూ అనేవాడు. మేళంలో ఎవరైనా రెండుసార్లే తడబడి ఊరుకుంటే ఆ పూట వాళ్ల పని అయిపోయినట్టే.

కార్టూన్‌లో ఆ పాట వినగానే నానమ్మ నడుం పట్టుకుని మంచం మీంచి లేచి వచ్చింది.

"ఓరి వీళ్ల జిమ్మడ! మీ తాత పాట గదంటే ఇది! ఒక్క మాటన్నా అడిగారా?" అంది.

నాన్న పరుగున వచ్చేసరికి పిల్లి యంత్రం లోంచి బయటపడింది, పాట ఆగిపోయింది. కార్టూన్ల వాళ్లు ఎప్పుడూ అంతే, రెండు ముక్కలు వినిపించి ఆపేస్తారు. నాన్న మాత్రం వీధంతా చెప్పుకొచ్చాడు. ఏ దొరో మన పెళ్లికి వచ్చి టేపులో పట్టుకుపోయి ఉంటాడని వీధివాళ్లే కథ పూర్తి చేశారు. నాకు మహా గర్వంగా ఉండేది. తాత బొమ్మ టీవీలో వేయకపోయినా ఫరవాలేదనుకున్నాను.

ఇక్కడ పెదనాన్న సంగతి చెప్పాలి. నాన్నకి ఆయన ఒక్కడే అన్న, వయసులో బాగా పెద్ద. రేపల్లెలో వేరే మేళం పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. తాత పోయిన మరుసటేడు రేపల్లె పక్కనున్న నగరం అనే ఊరి నుంచి ఓ మేళం తెనాలి పెళ్లికి వచ్చి, గేటు దగ్గర నిలబడి మా పాట వాయించింది, మూడు గతుకులతో సహా. నాన్న ఎదురుగా టీకొట్టులో ఉన్నాడట. గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లి ఆరా తీస్తే, నేర్పింది పెదనాన్నేనని తేలింది. అడిగిన ప్రతి మేళానికీ నేర్పుతున్నాడట.

నాన్న ఆ రోజే రేపల్లె వెళ్లి అన్న గుమ్మంలో నిలబడి నలుగురూ వినేట్టు అరిచాడు. "నాన్న పాట ఊరికి పంచడానికి నువ్వెవడివి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది నీ యవ్వారం!" పెదనాన్న ఒక్కటే అన్నాడట, "పాటే కదరా" అని. ఆ రెండు మాటలు పుండు మీద కారమయ్యాయి. అప్పటి నుంచి మాకు రేపల్లె లేదు. రైలెక్కితే గంట దూరం కూడా లేని ఊరు మాకు పాకిస్తాన్ అయిపోయింది. పెదనాన్న కూతురు, నన్ను చంకనేసుకుని తిప్పిన అక్క, తన పెళ్లికి కార్డు పంపితే నాన్న చూసి గూట్లో పెట్టేశాడు. ఎవరం వెళ్లలేదు. అమ్మ ఆ రోజు అన్నం వండింది గానీ తినలేదు.

తర్వాత నేను బాపట్లలో డిగ్రీలో చేరాను. రోజూ తెనాలి నుంచి ప్యాసింజర్‌లో పోయి వచ్చేదాన్ని. రైలు లేటైతే స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. ఓ రోజు ఉబుసుపోక పాత కార్టూన్ల సంగీతం కోసం వెతికాను. ఆ ఫ్యాక్టరీ ముక్క దొరికితే నాన్నకి వినిపిద్దామని తప్ప ఇంకే ఉద్దేశం లేదు.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. కార్టూన్ రాలేదు. నలుపు తెలుపు ఫొటో ఒకటి వచ్చింది, సూట్లు వేసుకున్న కొందరు మనుషులు, చేతుల్లో బాకాలూ క్లారినెట్టూ. పాట మొదలైంది. వసపిట్ట వాగుడు, తర్వాత మరల నడక, అంతా వరసగా, గోరంత కూడా తేడా లేకుండా.  దాని కిందే ఇంకొన్ని ఉన్నాయి. బొమ్మ సిపాయిలు నడిచినట్టు ఒకటి, దొంగ మునివేళ్ల మీద గోడ వారగా పోతున్నట్టు ఒకటి. అన్నీ నేను చిన్నప్పుడు తునకలు తునకలుగా విన్నవే. పిల్లులూ ఎలుకలూ తరుముకోవడానికి చేసిన చప్పుళ్లనుకున్నవన్నీ నిజంగా ఎవరో మనుషులు ఓ గదిలో కూర్చుని, నవ్వు ఆపుకుంటూ, అంత ఒడుపుగా వాయించిన పాటలా! జాజ్ అంటారట దీన్ని. కట్టినాయన కార్టూన్ల కోసం కట్టనే లేదట, కార్టూన్ల వాళ్లే తర్వాత తెచ్చుకుని వాడుకున్నారట.

ఆ కింద రాసింది రెండుసార్లు చదివాను. ఆ రికార్డు రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. అప్పటికి మా తాత క్లారినెట్ పట్టడం కాదు, లాగూ సరిగ్గా కట్టుకోవడం కూడా వచ్చి ఉండదు.

ఇంకోసారి విన్నాను, గతుకు కోసం. గతుకు లేదు. పాట ఆ చోటికి వచ్చి నున్నగా దాటుకుని వెళ్లిపోయింది. నాకు ముందుకు తూలినట్టయింది. నెట్ సెంటర్ ఆయన "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. బాగానే ఉన్నానండి అని చెప్పి, అది సీడీ మీద ఎక్కించి ఇమ్మన్నాను.

ఆ సీడీ నాన్నకి వినిపించాలా వద్దా అని రైలంతా తన్నుకులాడాను. ఆఖరికి, దాచితే నాకే కడుపు ఉబ్బుతుందని పెట్టేశాను. మొదట నాన్న తొడ మీద చెయ్యి చరిచాడు. "చూశావా, మొత్తం దింపేశారు దొంగసచ్చినోళ్లు!" అన్నాడు. తర్వాత గతుకు చోటు వచ్చింది. నాన్న తల మూడుసార్లు ఊపడానికి సిద్ధమై ఉంది. పాట ఆగకుండా వెళ్లిపోయింది. నాన్న తల అలాగే ఉండిపోయింది.

"వీళ్లకి గతుకు రాలేదే?" అన్నాడు నా వంక చూసి.

"నాన్నా, ఇది తాతకి చిన్నతనంలో వచ్చిన రికార్డు. వాళ్లు మన దగ్గర తీసుకోలేదు."

ఆయన ప్లేయర్ దగ్గరికి జరిగాడు. కేకలేస్తాడనుకున్నాను. కేకలేసినా బాగుండేది. మళ్లీ పెట్టమన్నాడు, మళ్లీ పెట్టమన్నాడు. ఆఖరికి చొక్కా తొడుక్కుంటూ, "పద, రేపల్లె పోదాం. అన్నయ్యకి కూడా ఈ సంగతి తెలవాలి. ఎన్నేళ్లు దీనికోసం కొట్టుకున్నాం!" అన్నాడు. ఆ మాటలో కోపం ఎవరి మీదో నాకు అంతుపట్టలేదు.

పెదనాన్న బాగా తగ్గిపోయాడు. ముందు పళ్లు ఊడి క్లారినెట్ మానేశాడట. తమ్ముణ్ణి గుమ్మంలో చూసి లేవబోయి, మళ్లీ కూర్చుని, "రారా" అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్లినవాణ్ణి పిలిచినట్టు. పెద్దమ్మ గబగబా మంచినీళ్లు తెచ్చింది. నాన్న నీళ్లు ముట్టకుండా, "ముందు ఇది వినన్నయ్యా" అని వాళ్ల టీవీ కింద ఉన్న ప్లేయర్లో సీడీ పెట్టించాడు.

పాట మొదలవగానే పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. బోసినోటితో పసిపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. గతుకు చోటు నున్నగా దాటగానే "అబ్బ!" అన్నాడు. "ఎంత శుభ్రంగా ఉందిరా! గీత పడకముందు ఇట్టా ఉండేదన్నమాట."

నాన్న, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గీతేంటి?" అన్నాడు నాన్న.

అప్పుడు చెప్పాడు పెదనాన్న. మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు కనుక తాత ఇళ్లకు సున్నాలు వేసే పనికి పోయేవాడట. రేపల్లె దగ్గర ఓ అమెరికా దొరగారి బంగళాకి సున్నం వేస్తుంటే గ్రామఫోనులో ఈ ప్లేటు వినిపించింది. తాత బ్రష్షు పట్టుకుని నిచ్చెన మీదే నిలబడిపోయాడట. దొరసానిని బతిమాలి, పని ఉన్నన్నాళ్లూ దాన్నే విన్నాడు. కీ తిప్పేది వెంట వెళ్లిన పెదనాన్న. అప్పటికి మా నాన్న ఇంకా పుట్టలేదు.

"ప్లేటు మీద ఓచోట గీత పడింది. అక్కడికొచ్చేసరికి ముల్లు వెనక్కి దూకేది. మొదటిసారి దూకితే పోన్లే అని చూసేవాణ్ణి, రెండోసారీ చూసేవాణ్ణి. మూడోసారికి దొరసాని లోపల్నించి కేకేసేది. అప్పుడు వేలుతో నెట్టేవాణ్ణి. నాన్న, పాటే అట్టా ఉంటదనుకున్నాడు. నేను చెప్పలా. ఇంత గొప్పగా నేర్చుకుంటుంటే ఏం చెప్తాం?"

 మేళం మేళమంతా తడబడింది, కుర్రాళ్లు తూలింది, మా నాన్న తలెత్తుకుని తిరిగింది ప్లేటు మీద గీత కోసం, ముల్లు నెట్టిన ఓ పసివాడి వేలు కోసం! తర్వాత ఏదో పెళ్లిలో పెద్దమనిషి ఒకాయన శాలువా కప్పి "ఈ పాట ఎవరు కట్టారయ్యా?" అంటే, తాత "నేనేనండి" అనేశాడట. పక్కన తాళం కొడుతున్న పెదనాన్న విన్నాడు. విని ఊరుకున్నాడు. జీవితమంతా ఊళ్లో ఉన్న సినిమా పాటలన్నీ వాయించిన మనిషికి ఒక్కటి పరాయిదని చెప్పుకోవడానికి అంత కష్టమేమొచ్చిందో! తాత మీద నాకు అక్కడికక్కడ ఒళ్లు మండింది.

నాన్న అన్న ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "నీకు తెలుసు. అన్నీ తెలుసు. ఆ రోజు ఇదే గుమ్మంలో నిన్ను అనరాని మాటలన్నాను. అప్పుడన్నా చెప్పొచ్చుగా?"

"చెప్తే నా మీద కోపం పోయేదిరా. నాన్న కూడా పోయేవాడు. కోపంగా ఉన్నా నాన్నని పట్టుకుని ఇంటికి పోతున్నావులే అనుకున్నా."

నాన్న అప్పటిదాకా ముట్టని నీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "పిల్ల పెళ్లికి కూడా రాలేదు వదినా. మేళం ఎవరిది పెట్టారు?" అని అడిగాడు. ఏదో ఒకటి అడగాలి కనుక అడిగాడనుకుంటాను.

పెద్దమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది.

"మేళం లేదయ్యా" అంది.

 బ్యాండు మాస్టరు కూతురి పెళ్లి మేళం లేకుండానా? మా ఇళ్లలో ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు క్లారినెట్ వాయించేది పిల్ల బాబాయి. తండ్రికి ఆ వేళ ఊపిరి నిలవదని పెట్టుకున్న పద్ధతి అది. బాబాయి లేకపోతే ఎవరో ఒకరు వాయిస్తారు. రేపల్లెలో క్లారినెట్లకేం కరువు? పెదనాన్న దగ్గర నేర్చుకున్నవాళ్లే ఎందరో ఉన్నారు.

"అందరూ వాయిస్తామనే వచ్చారు" అన్నాడు పెదనాన్న. "వాడి చోట్లో ఇంకొకణ్ణి నిలబెట్టబుద్ధి కాలా. పిల్ల కూడా వద్దంది. బాబాయి వచ్చాకే ఎక్కుతానని కారు తలుపు పట్టుకుని ఎండలో నిలబడింది. రాడమ్మా, ఎక్కమ్మా అని నేనే చెప్పి ఎక్కించా."

నాన్న నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచాడు.  "పిల్ల చీరాలలో అత్తారింట్లోనేగా ఉంది? ఇప్పుడు బండి ఏమన్నా ఉందా?" అన్నాడు.