ఎల్లస్వామి ఎదురు చాటింపు

చాటింపు వేసేవాడికి సొంత మాట ఉండకూడదని ఎల్లస్వామికి వాళ్ల నాయిన చిన్నప్పుడే చెప్పాడు. ఎవరి మాటైనా మోయాలి, ఊళ్లో దింపాలి, ఇంటికొచ్చి ఇంత తిని పడుకోవాలి. అయితే ఒక్క కట్టు మాత్రం ఉంది. మాట ఎవరిదో వాళ్ల పేరు చెప్పి తీరాలి. సర్పంచి మాట, రేపు నల్లా రాదు. రేషను డీలరు మాట, బియ్యం వచ్చినయ్. గుడి పెద్దల మాట, బోనాలు ఆయితారం. పేరు లేకుండా డప్పు మీద పుల్ల పడకూడదు. పేరుంటేనే కదా, రేపు ఆ మాట తప్పయితే ఎవరింటికి పోయి నిలదీయాలో జనానికి తెలిసేది!

నలభై ఏళ్లు ఆ కట్టు తప్పలేదు ఎల్లస్వామి. మక్తల్‌కు ఇవతల తుమ్మలకుంటపల్లిలో రెండు వందల చిల్లర ఇళ్లు, మూడు వాడలు. మాదిగవాడలో మొదలుపెట్టి, ఊరి నడుమ నుంచి పోయి, గొల్లవాడ చివరింటి దగ్గర ఆపేవాడు. తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు ఊళ్లో అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లొచ్చాయి. పంచాయతి చెత్త బండికి మైకు కట్టారు. ఎల్లస్వామికి పని సగం తగ్గింది. బాధపడ్డాడా అంటే, అబద్ధమెందుకు, లోపల కాస్త చివుక్కుమంది గానీ మోకాళ్లు మాత్రం సంబరపడ్డాయి.

ఆ ఊరికి బుధవారం బుధవారం వచ్చే మనిషి జానీ. మక్తల్ గొర్రెల బేరగాడు. ముప్పై ఏళ్లుగా టీవీఎస్ బండి మీద వచ్చి, ముందు ఎల్లస్వామి అరుగు మీద కూర్చుని, ఆయన భార్య నాగులమ్మ పోసిన చాయ తాగి, ఆ తర్వాతే మందల వైపు పోయేవాడు. జేబులో ఎప్పుడూ ఒక ఉప్పు పొట్లం ఉండేది. అరచేతిలో ఉప్పు పోసి చాపితే ఎంత బెదురు గొర్రె అయినా వచ్చి నాకేది. ఆ సందులో దాని నడుము మీద నాలుగు వేళ్లు ఒత్తి, ఒంట్లో కండ ఎంతుందో చెప్పేసేవాడు. ఊళ్లో పసిపిల్లలు కూడా ఆయన్ని ఉప్పు జానీ అనే పిలిచేవాళ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఊరు మర్చిపోయింది.

ఆ ఏడు తొలకరి మిరుగు వానలు తొందరగా పడ్డాయి. గుట్టల మీద లేత గడ్డి మొలిచింది. గొర్రెలు ఆబగా మేశాయి. మూడో నాటి నుంచి చావులు మొదలయ్యాయి. పొద్దున బాగున్న గొర్రె మాపటికి ఉన్నపళాన ఎగిరిపడి కాళ్లు కొట్టుకుని చిటికెలో ప్రాణం విడిచేది. గొల్ల నరసింహ మందలో నాలుగు రోజుల్లో పంతొమ్మిది పోయాయి. ఆయన దొడ్డి ముందర కూలబడి, చచ్చిన గొర్రెల్ని పేరుపేరునా పిలిచి ఏడ్చాడు.

నరసింహ పెద్ద కొడుకు నవీన్‌కుమార్ డిగ్రీ చదివి ఊళ్లోనే ఉంటున్నాడు. ఊరి వాట్సప్ గ్రూపుకు అతనే పెద్ద. ఆ బుధవారం పొద్దున్నే వానలో తడుస్తూ ఎల్లస్వామి ఇంటికి వచ్చాడు.

"కాకా, జర జల్ది డప్పు తీయ్. బాపు మంద మొత్తం పోయేటట్టున్నది."

"ఏమని చాటాలె బిడ్డా?"

"బయటికెల్లి వచ్చే బేరగాళ్లు గొర్లకు మందు పెడుతుండ్రు, ఒక్కన్ని గూడ ఊర్లకు రానియ్యొద్దని."

"ఎవరి మాటని చెప్పాలె?"

నవీన్‌కుమార్ ఫోను ముందుకు చాపాడు. అందులో ఎక్కడిదో తెలియని ఊళ్లో, తలకు టోపీ పెట్టుకున్న మనిషొకడు నీళ్ల తొట్టిలో ఏదో పోస్తున్నాడు. కింద పెద్దపెద్ద ఎర్ర అక్షరాలున్నాయి. ఎల్లస్వామికి చదువు రాదు.

"గిది మనూరేనా?"

"ఏ ఊరైతేంది కాకా? దేశమంత గిట్లనే ఉన్నది. అందరికీ వచ్చింది. అందరి మాట అని చాటు."

ఎల్లస్వామి మనసు పీకింది. కానీ రాత్రంతా జ్వరంతో మూలిగి ఉన్నాడు, మోకాళ్లు సలుపుతున్నాయి, నరసింహ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. కాదంటే వాదించాలి, వాదించే ఓపిక లేదు. పొయ్యి ముందు డప్పు కాచుకుని బయలుదేరాడు. "ఊరోళ్లారా ఇనుండ్రో! ఇది అందరి మాట..." అని మూడు వాడలూ తిరిగాడు. ఆ రోజు బుధవారమని ఆయనకు తట్టనే లేదు.

గొల్లవాడ చివర డప్పు దించేసరికి కాలవ మీది మోరీ దగ్గర కేకలు వినిపించాయి. కుంటుకుంటూ పరుగెత్తాడు. ఊరి పోరగాళ్లు పదిహేను మంది జానీని బురదలో పడేసి కొడుతున్నారు. బండి కాలవలో ఉంది. ఒకడు ఉప్పు పొట్లం పైకెత్తి చూపిస్తుంటే నవీన్‌కుమార్ ఫోనులో వీడియో తీస్తున్నాడు.

"అది ఉప్పురా! ఉప్పు జానీరా! మీకు కండ్లు పోయినయా?" అని ఎల్లస్వామి వాళ్ల మధ్యలో పడ్డాడు. పొట్లం లాక్కుని, చిటికెడు నోట్లో వేసుకుని, నాలుక చాపి చూపించాడు. పొద్దున ఊరు ఊరంతా విన్న గొంతే అది. ఇప్పుడు ఒక్కడు వింటే ఒట్టు! పోలీసులొచ్చి జానీని దవాఖానకు తీసుకుపోయేదాకా దెబ్బలు ఆగలేదు. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. గొర్రె నడుము ఒత్తి చూసే చెయ్యది.

రెండు రోజులకు పశువుల డాక్టరు వచ్చి చచ్చిన గొర్రెను కోసి చూశాడు. చిటుక రోగమన్నాడు, తొలకరి లేత గడ్డి ఆబగా తింటే వస్తుందన్నాడు, వానల ముందే టీకాలు వేయించుకోవద్దా అని నలుగురినీ తిట్టి పోయాడు. నవీన్‌కుమార్ ఆ సాయంత్రమే గ్రూపులోంచి నీళ్ల తొట్టిది, జానీని కొట్టింది, రెండు వీడియోలూ తీసేశాడు. తీసేస్తే అయిపోయిందనుకుంది ఊరు. "అయిందేదో అయిపాయె, ఇంకెందుకు తవ్వుడు" అన్నారు కొందరు. "నిప్పు లేంది పొగ రాదు" అన్నారు ఇంకొందరు. పొగ కనిపెట్టినవాళ్లకు నిప్పెంత సేపు!

ఎల్లస్వామికి అన్నం సయించలేదు.

"ఎన్నడన్న నీ మాట చెప్పినవా నువ్వు? డప్పు కొట్టినవ్, గంతే. మాట నీది గాదు" అంది నాగులమ్మ. ఆదివారం ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి, మొగుడి మీద దిగులుతో ఆ వారం పోలేదు.

"మరి ఎవ్వరిదే?"

ఆ మాట ఎవరిదో వెతకడానికి ఆయన బయలుదేరాడు. ముందు నవీన్‌కుమార్‌ను అడిగాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను పంపలే కాకా, నాకొచ్చింది గంతే" అన్నాడు అతను. మక్తల్ సెల్‌ఫోన్ల దుకాణంలోని దోస్తు పంపాడట. బస్సెక్కి ఆ దోస్తు దగ్గరికి పోయాడు. అతనికి రాయచూరు బావ పంపాడట. ఆ బావకు ఫోను కలిపిస్తే, అతను సగం కన్నడంలో సగం తెలుగులో, గ్రూపులో వచ్చింది, ఎవరు పెట్టారో చూడలేదని నవ్వాడు. తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నారు గానీ, ఇది నా మాట అనేవాడు ఒక్కడూ దొరకలేదు. మూడు రోజులు తిరిగి కాళ్లు వాచి ఇంటికొచ్చాడు ఎల్లస్వామి.

వాళ్ల నాయిన కాలంలో ఒక పద్ధతుండేది. చాటిన మాట తప్పని తేలితే, ఎక్కడ ఆపారో అక్కడ మొదలుపెట్టి, మొదటింటి దాకా వెనక్కి నడుస్తూ దాన్ని తీసేసుకోవాలి. ఎదురు చాటింపు అనేవాళ్లు. ఎల్లస్వామి చేతుల మీదుగా అది ఎన్నడూ జరగలేదు. అందులోనూ పేరు చెప్పాలి, మాట పంపినవాడి పేరు. ఆ పేరు కోసమే కదా మూడు రోజులు తిరిగింది!

మరుసటి పొద్దున డప్పు కాచి, గొల్లవాడ చివరింటి ముందు నిలబడ్డాడు. పుల్ల ఎత్తాడు. నలభై ఏళ్లలో వందల మంది పేర్లు పలికిన నోరు, సొంత పేరు దగ్గర తడబడింది.

"ఊరోళ్లారా ఇనుండ్రో! ఇది ఎల్లస్వామి మాట. అందరి మాటని నేను చాటింది అబద్ధం. గొర్లకు రోగమొచ్చి సచ్చినయ్. జానీ ఏ మందు పెట్టలే. ఆయన జేబుల ఉన్నది ఉప్పు. తప్పు నాది. ఇది ఎల్లస్వామి మాటా!"

నరసింహ గడపలోకి వచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగమై ఉన్నాడు.

"ఇంక చాలు తీయ్ ఎల్లన్నా. మా మొఖం మీద గొడుతున్నవ్."

"నీ మొఖం మీద గాదు నర్సన్నా, నా మొఖం మీద నేనే గొట్టుకుంటున్న."

నరసింహ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నవీన్‌కుమార్ అలవాటుగా ఫోను పైకెత్తి, ఎందుకో మళ్లీ దించేశాడు. కొన్ని ఇళ్లలో టీవీల గొంతు పెంచారు. నడి ఊళ్లో ఒక ముసలమ్మ మాత్రం చేట పక్కన పెట్టి, నిలబడి, పూర్తిగా విన్నది. మాదిగవాడ మొదటింటి దగ్గరికి చేరేసరికి ఎల్లస్వామికి కళ్లు తిరిగాయి. నాగులమ్మ ఎదురొచ్చి డప్పు అందుకుంది.

ఆ మధ్యాహ్నమే జానీకి ఫోను చేశాడు. గొంతులో ఎన్నాళ్లకో కాస్త హుషారుంది.

"జానీ భాయ్, ఎదురు చాటింపు ఏసిన. మూడు వాడలు తిరిగిన. నువ్వింక ఫికర్ లేకుంట రావొచ్చు."

జానీ అటు నుంచి మెల్లగా అన్నాడు.

"ఎల్లన్నా, నీ డప్పు మీ ఊర్లనే ఇనబడుతది. నన్ను గొట్టిన వీడియో మీ పక్కూరు ఎర్రగుంటకు పోయింది, మక్తల్‌కు వచ్చింది, రాయచూరు సంతల గూడ చూస్తుండ్రు. నన్ను జూడంగనే గొర్లను అటు తోలుకపోతుండ్రు. ఎన్ని ఊర్లల్ల కొడుతవన్నా?"

ఎల్లస్వామి ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. జానీయే మళ్లీ అందుకున్నాడు.

"ఆ దినం మోరీ కాడ బండి ఎందుకాపిన్నో ఎరికేనా? పోరగాళ్లను దూరంకెల్లే చూసిన. మర్లిపోదును. గంతల నీ డప్పు ఇనబడ్డది. ఎల్లన్న ఏందో చాటుతుండు, ఇని పోదామని ఆగిన."

కోపంగా అన్నా బాగుండేది. జానీ ఆ మాట మామూలుగా, అలసిపోయినట్టు అన్నాడు. తర్వాత నాగులమ్మ బాగుందా అని అడిగి ఫోను పెట్టేశాడు. ఎల్లస్వామి అరుగు మీద, జానీ కూర్చునే చోట, పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. నాగులమ్మ చాయ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది.

మళ్లీ బుధవారం, పొద్దున మొదటి బస్సు వచ్చేసరికి ఎల్లస్వామి చంకలో డప్పుతో, చేతిలో సద్ది మూటతో రోడ్డు మీద ఉన్నాడు. మెట్టు ఎక్కడానికి కండక్టరమ్మ చెయ్యి అందించాల్సి వచ్చింది.

"యాడికి తాతా?"

"ఎర్రగుంట."

"డప్పు పట్టుకపోతున్నవ్, సావా, పెండ్లా?"

"రెండూ గాదు బిడ్డా. ఒక మాట చెప్పేదున్నది."

"మరి మాపటికి ఇదే బస్సుకు వాపసొస్తవా?"

"రాను బిడ్డా" అన్నాడు ఎల్లస్వామి, మోకాలు రుద్దుకుంటూ. "ఆడికెల్లి ఇంకో ఊరికి పోయేదున్నది."