ముప్పై ఎనిమిదో బిట్టు

ఆ వీధి మొత్తానికి ఆమె కాజాలక్క. టైలరు కుట్టిన చొక్కాలను పొద్దున్నే మూటగట్టి తెచ్చుకుంటుంది, చేత్తో కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, పొద్దువాలేలోగా తిరిగి ఇచ్చేస్తుంది. మిషను కాజాలు వచ్చాక చేతి కాజా ఎవరిక్కావాలని తేలిగ్గా అనేయకండి. నాలుగు ఉతుకులకే దారం పీచులేచిన చొక్కా పట్టుకొచ్చి టైలరుని దులిపేసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ళ చొక్కాలన్నీ చివరికి ఆమె ఒడిలోకే చేరతాయి.

చదువు పదో తరగతితో సరి. ఎందుకు మానేశావని అడిగితే, "నేను మానలేదు, లెక్కలే నన్ను మానేశాయి" అంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని కెలామైన్ ఏ లోహపు ఖనిజమో అడిగి చూడండి. సూది ఆపకుండా "జింకు" అంటుంది. ఒకరోజు టైలరు బాబాయి సరదాకి ధ్వని తీవ్రతను దేంతో కొలుస్తారని అడిగాడు. "డెసిబెల్, బాబాయ్" అని ఆమె దారం కొరికింది. ఆయన నోరెళ్ళబెట్టాడు.

"నీకు చొక్కాలివ్వాలంటే భయమేస్తోందే అమ్మాయ్! ఎప్పుడు ఆఫీసరమ్మవై కూర్చుంటావో!"

ఈ తెలివంతా తమ్ముడి వల్ల అబ్బింది. డిగ్రీ రెండో ఏడాదిలో అతనికి చూపు మసకబారింది. ఏడాదిన్నర తిరిగేసరికి వెలుగేదో చీకటేదో తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. డిగ్రీ ఎలాగో గట్టెక్కాడు. ఇక ఉద్యోగ పరీక్షలు. వాటికి జనరల్ నాలెడ్జి బిట్లు వేలకు వేలు నోటికి రావాలి. పుస్తకాలేమో కంటితో చదివేవాళ్ళ కోసం అచ్చయ్యాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి చదివేపని అక్క మీద పడింది.

పద్ధతి కూడా ఆమే కనిపెట్టింది. పుస్తకం తెరిచి, అది మూసుకోకుండా మీద కత్తెర పెడుతుంది. ఫోనులో రికార్డింగు నొక్కుతుంది. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, చిన్న విరామం, తర్వాత పుస్తకం చివర ఉన్న కీ చూసి జవాబు. చదివిన ప్రశ్న పక్కన ఆ జవాబు నంబరు పెన్సిలుతో వేసి, మళ్ళీ సూది అందుకుంటుంది. కాజాకు మూడు బిట్లు, చొక్కాకు ఎనిమిది కాజాలు. తమ్ముడు ఆ రికార్డింగులను చెవిలో పెట్టుకుని నడుస్తూ, తింటూ, బట్టలు మడతపెడుతూ వినేవాడు. ఒక్కో దాన్ని ఇరవైసార్లయినా వినుంటాడు.

మొదట్లో ఒక చిక్కొచ్చింది. సరైన ఆప్షను దగ్గరికి రాగానే ఆమె గొంతు తెలియకుండానే మెత్తబడేది. నాలుగింటిలో దానికి మాత్రం కాస్త ముద్దెక్కువ.

"అక్కా, నీ గొంతు పట్టించేస్తోంది," అన్నాడు తమ్ముడు. "ఇలాగైతే నేను నేర్చుకునేది బిట్లు కాదు, నిన్ను."

"నేనేం చేసేది రా? మంచి జవాబు కనబడితే ప్రాణం లేచొస్తుంది."

"రైల్వే స్టేషన్లో మైకు ఉంటుంది చూడు, అలా చదువు. బండి వచ్చినా రాకపోయినా దానికొకటే గొంతు."

అలా ఆర్నెల్లు సాధన చేసింది. గిన్నెలు తోముతూ కూడా నాలుగు ఆప్షన్లూ ఒకే ఎత్తులో చదవడం అలవాటు చేసుకుంది. చివరికి ఎంత బాగా కుదిరిందంటే, ఒకసారి కూరలమ్మి గుమ్మంలో నిలబడి "వంకాయలా, బెండకాయలా, దోసకాయలా?" అంటే, అలాగే అదే శ్రుతిలో తిరిగి చదివి, ఏది కావాలో చెప్పడం మరిచిపోయింది.

పరీక్ష హాలులోనూ ఆమే కూర్చుంటుంది. చూపులేని అభ్యర్థి తరఫున ప్రశ్న చదివి, అతను చెప్పిన గడి నింపే మనిషిని స్క్రైబ్ అంటారు. ఆ మనిషి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టయినా కిందుండాలని నిబంధన. "చూశావా, నా పదో తరగతి ఇన్నాళ్ళకు పనికొచ్చింది" అని కాజాలక్క ఆ రోజు వీధంతా చెప్పుకుంది. ఆమె గుండ్రాలు నింపితే గీత బయటికి రావడం ఉండదు. కాజాలు కుట్టే చెయ్యి మరి!

పోయినసారి ఒక్క మార్కులో పోయింది. ఈ గుమాస్తా పోస్టులు మళ్ళీ ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. పడినా ఎన్ని ఖాళీలుంటాయో అసలే తెలియదు. అందుకని ఈసారి పరీక్ష అంటే ఇద్దరికీ అన్నం సహించడం లేదు.

పరీక్ష రోజు పొద్దున పుస్తకం తెరవకూడదని తమ్ముడి నియమం. అక్క సరేనని, ఎందుకైనా మంచిదని పాత పుస్తకం సంచిలో వేసుకుంది. బస్సులో అతను కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఆమెకు చేతులు ఊరుకోలేదు. సంచిలోంచి పుస్తకం సగం బయటికి లాగి, ఏదో పేజీ తీసింది. నదులు. ముప్పై ఏడు: వోల్గా నది ఏ సముద్రంలో కలుస్తుంది? ముప్పై ఎనిమిది: డాన్యూబ్ నది ఏ సముద్రంలో కలుస్తుంది? ప్రశ్నల పక్కన తన పెన్సిలు అంకెలున్నాయి. ఊరికే, వేళ్ళకు పని చెప్పడానికి, వెనక్కి తిప్పి కీ చూసింది.

అంకెలు తారుమారుగా ఉన్నాయి.

మళ్ళీ చూసింది. వోల్గా కాస్పియన్లో కలుస్తుంది, డాన్యూబ్ నల్ల సముద్రంలో. తను ఒకదాని జవాబు ఇంకొకదానికి చదివింది. ఎప్పుడో మూడేళ్ళ కిందట, పెళ్ళి చొక్కాలు మధ్యాహ్నానికే కావాలని టైలరు బాబాయి గుమ్మంలో నిలబడి తొందరపెట్టిన రోజు, కళ్ళు కీలో ఈ రెండు వరసల్నీ అటుదిటు చేశాయి. ఆ తప్పును తమ్ముడు అక్క గొంతులో ఇరవైసార్లు విని గుండెలో పెట్టుకున్నాడు.

చెప్పాలని అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను తల తిప్పి నవ్వాడు.

"భయంగా ఉందా అక్కా? నువ్వు చదివినవన్నీ నాకొచ్చు. భయపడకు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఈ రెండూ తప్పని చెబితే, మిగతా వేలల్లో ఇంకెన్ని తప్పులోనన్న అనుమానం పురుగులా పట్టుకోదూ? ప్రతి ప్రశ్నకూ తడబడడూ? వేల బిట్లలో సరిగ్గా ఈ రెండే రావాలని ఉందా ఏమిటి! అలా తనకు తాను నచ్చజెప్పుకుని పుస్తకాన్ని సంచిలోకి తోసేసింది. పాపం, ఆమెను తప్పుపట్టడానికి మనసొప్పదు. ఆ సీట్లో ఎవరున్నా అదే చేస్తారు.

హాల్లో వాళ్ళకు విడిగా చిన్న గది ఇచ్చారు. ఒక బెంచీ, ఒక ఫ్యాను, ఎదురుగా కుర్చీలో పర్యవేక్షణకు ఒక మేడమ్. ఆవిడ ముందే చెప్పేసింది.

"చూడమ్మా, చదవడం, ఆయన చెప్పింది నింపడం. అంతే. దగ్గులు, సైగలు కుదరవు."

"అలాగేనండి" అంది అక్క.

బాగానే సాగింది. తమ్ముడు గబగబా చెబుతున్నాడు, తెలియనివి వదిలెయ్యమంటున్నాడు, ఎందుకంటే తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు. అరవై రెండో ప్రశ్న దగ్గర ఆమె కళ్ళు ముందే చదివేశాయి, నోరు మాత్రం కదల్లేదు. మేడమ్ తలెత్తింది.

"డాన్యూబ్ నది ఏ సముద్రంలో కలుస్తుంది?" అని చదివింది. "ఒకటి, బాల్టిక్. రెండు, కాస్పియన్. మూడు, మధ్యధరా. నాలుగు, నల్ల సముద్రం."

"రెండు" అన్నాడు తమ్ముడు, ఇంకో ఆలోచన లేకుండా.

ఆమె పెన్ను రెండో గుండ్రం మీదకు వెళ్ళి ఆగింది. నాలుగేళ్ళ కష్టం, పోయినసారి పోయిన ఆ ఒక్క మార్కు, అన్నీ ఆ పెన్ను మొన మీద నిలబడ్డాయి. కాగితం మీద పెన్ను కదిలే చప్పుడు వినబడకపోయేసరికి తమ్ముడు తల కొంచెం పక్కకు వంచాడు.

"మళ్ళీ చదువు అక్కా."

మళ్ళీ చదవమని అడిగే హక్కు అతనికుంది. మళ్ళీ చదివే హక్కు ఆమెకూ ఉంది. నాలుగో ఆప్షను దగ్గర గొంతు ఒక్క వీసం మెత్తబడితే చాలు. మేడమ్‌కు కాదు కదా, దేవుడికి కూడా తెలియదు, తమ్ముడికి తప్ప. ఆ మెత్తదనాన్ని చంపుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. తిరిగి తెచ్చుకోవడానికి అర క్షణం చాలు.

ఆమె నీళ్ళు తాగింది. "బాల్టిక్. కాస్పియన్. మధ్యధరా. నల్ల సముద్రం." నాలుగూ ఒకే ఎత్తులో, ఒకే పొడవులో, స్టేషను మైకు లాగా.

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"రెండే అక్కా" అన్నాడు.

ఆమె రెండో గుండ్రాన్ని గీత బయటికి రాకుండా నింపింది. తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది.

బయటికొచ్చాక, గేటు పక్కన చెట్టుకింద అరుగు మీద కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. బస్సు, పుస్తకం, పెన్సిలు అంకెలు, చెప్పకుండా మింగేసిన మాట. చెబుతూ ఏడ్చింది.

"ఇంకెన్ని?" అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం దాచలేదు.

"ఆ పేజీలో ఆ రెండే రా. తక్కిన పుస్తకాలు చూడాలి."

"బస్సులోనే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అని ఒప్పుకుంది.

కాసేపటికి అతనే మొదలెట్టాడు. "రెండోసారి చదివావు చూడు, నాలుగేళ్ళలో ఎప్పుడూ అంత తిన్నగా చదవలేదు నువ్వు. ఇంట్లో ఎంత లేదన్నా ఎక్కడో ఒకచోట వణుకుతుంది. అది వింటే అర్థమైంది, రెండు కాదని. నీకు జవాబు తెలుసని కూడా."

"మరి మార్చలేదేం రా!"

"అంత కష్టపడి నువ్వు చెప్పకుండా ఉన్నావు. నేను దొంగతనంగా వినేసి మారిస్తే ఏం బాగుంటుంది?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అతని చొక్కా పైగుండీ ఊడినట్టుంటే పెట్టింది. ఆ గుండీ ఊడనే లేదు.

ఇంటికొచ్చాక పదిరోజులు చొక్కాలు పక్కన పెట్టి పుస్తకాలన్నీ కీతో సరిచూసింది. ఇంకొక్క తప్పూ దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది. ఈ ఒక్కటీ మరీ ఒంటరిగా, మరీ పెద్దదిగా కనబడుతోంది.

తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. వీధంతా వచ్చి అభినందించి వెళ్ళింది, టైలరు బాబాయి కొత్త చొక్కా కుట్టి తెచ్చాడు, దానికి మాత్రం కాజాలు తనే కుట్టానని గొప్పలు పోయాడు. అవి వంకరగా ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. అయితే ఏ ఊళ్ళో పని చెయ్యాలో మార్కుల వరసను బట్టి ఇస్తారు. ఈ ఊరి ఆఫీసులో ఉన్నది ఒక్కటే ఖాళీ. అది తమ్ముడి కంటే ఒక్క మార్కు ముందున్న మనిషికి వెళ్ళింది. తమ్ముడికేమో రైల్లో ఆరు గంటల దూరంలో వచ్చింది.

ఒక్క మార్కు. ఆ బిట్టు సరిగ్గా పడుంటే ఒకటింపావు పెరిగేది. లెక్కలు తనను మానేశాయని నవ్వే మనిషి ఈ లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే చేసింది. పెట్టె సర్దుతూ ఆ మాట అనేసింది కూడా.

"డాన్యూబ్ కాకపోతే ఇంట్లోనే ఉండేవాడివి."

"నువ్వు లేకపోతే అసలు వెళ్ళేవాణ్ణే కాదు. చొక్కాలు సరిగ్గా మడతపెట్టు, నలిగిపోతాయి" అన్నాడు తమ్ముడు.

అతను వెళ్ళాక ఇల్లు మూగబోయింది. మొదటి వారం అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి కత్తెర పెట్టి, వినేవాళ్ళు లేరని గుర్తొచ్చి మూసేసేది. కాజాలు త్వరగా అయిపోతున్నాయి. అదీ నచ్చలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం ఫోను మోగింది. ఆఫీసు నుంచి గదికి నడిచే దారి అలవాటైపోయిందని, ఎన్ని అడుగులకు ఏ మలుపో లెక్కపెట్టుకున్నానని చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, పదో తరగతి చాలనే పోస్టులు పడ్డాయి. నీ వయసుకు ఇంకా రెండేళ్ళు గడువుంది. నీ పేరుతో అప్లికేషను పెట్టేశాను."

"నీకు మతిపోయిందా! నేను పరీక్ష రాయడమేంట్రా?"

"నాకొచ్చిన బిట్లన్నీ నీకూ వచ్చు. చదివిందే నువ్వు కదా. రోజూ ఈ టైముకి ఫోను చేస్తాను, నేను అడుగుతాను, నువ్వు చెప్పు. సూది పక్కన పెట్టక్కర్లేదు."

ఆమె ఫోనును స్పీకరులో పెట్టి, చొక్కాను మోకాలి మీద సర్దుకుంది.

"మొదటి ప్రశ్న" అన్నాడు తమ్ముడు, ఆఫీసరు గొంతు తెచ్చిపెట్టుకుని. "డాన్యూబ్ నది ఏ సముద్రంలో కలుస్తుంది? ఒకటి, బాల్టిక్. రెండు, కాస్పియన్. మూడు, మధ్యధరా. నాలుగు..."

ఇక్కడ అతని గొంతు ఆగింది. పసిపిల్లల్ని ఎత్తుకునేటప్పుడు వచ్చే గొంతుతో, మెత్తగా, ఎంతో నెమ్మదిగా అన్నాడు.

"నల్ల సముద్రం."

"నీ గొంతు పట్టించేస్తోంది రా" అంది అక్క. సూది కనబడటం లేదు. కళ్ళు తుడుచుకుంది.

"పట్టించనీ అక్కా. ఇక్కడ మేడమ్ లేదుగా."

"నాలుగు" అని చెప్పి, ఆమె కాజా మొదలుపెట్టింది.