ముందుగా మింగినవాడు

ఎనభైల చివర్లో, ఎన్నికలు దగ్గరపడిన ఎండాకాలంలో, నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ప్రభుత్వాసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జనుగా బదిలీ చేశారు. డాక్టరు కొలువులో అది మొదటి మెట్టు. హోదాలో సర్జన్ ఉన్నా నేను కత్తి పట్టింది తక్కువ, కత్తిగాట్లు కుట్టింది ఎక్కువ.

పెద్దముడియం వైపు ఒక పార్టీ పెద్దాయనకు రక్తపోటు రెండు వందలు దాటింది. నిఫెడిపిన్ క్యాప్సూళ్లు రాశాను. రక్తనాళాల గోడల కండరంలోకి కాల్షియం చొరబడితే అవి బిగుసుకుంటాయి. ఈ మందు ఆ దారులు మూసి నాళాలను వదులు చేస్తుంది. ఆనాటి క్యాప్సూలు మరీ గబుక్కున పనిచేసేది. ఇప్పుడు నిదానంగా పనిచేసేవే రాస్తున్నారు.

మరునాడు పొద్దున్నే జీపు వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. పెద్దాయన వాకిట్లో వంద వేటకొడవళ్లు నామీదికి లేచాయి. సరే, ఒక్కటే. అదీ టెంకాయ బోండాం కొట్టడానికి.

ఆ బోండాం ఓబులేసుకు. పెద్దాయన వెంట నీడలా తిరిగే మనిషి, మొహం ఎర్రబారి మంచంమీద పడున్నాడు. లేచి నిలబడితే కూలిపోయాడట.

“ఎవురు పంపినారప్పా నిన్ను? మందులో ఏం కలిపినావు?” అన్నాడు పెద్దాయన.

“మందు మీకు కదా రాసింది?”

“నా నోట్లోకి ఏది పోవాలన్నా ముందు వాని నోట్లోకి పోవాల. సంగటైనా, కాఫీ అయినా.”

ఓబులేసు కాళ్లు ఎత్తిపెట్టించి, చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి చూశాను. పోటు బాగా పడిపోయింది. జబ్బు లేని ఒంట్లో ఆ మందు ఉన్న పోటునే దించేసిందని చెప్పాను.

“కతలు సెప్పొద్దు. అయితే నువ్వు మింగు.”

“సారు పక్కన ఇంగో మంచం ఎయ్యండప్పా,” అన్నాడు ఓబులేసు, పడుకునే.

మింగాను. అందరూ నా మొహమే చూస్తుండగా మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. చాలాసేపటికి ఓబులేసు లేచి కూర్చున్నాడు. అప్పుడు పెద్దాయన తన క్యాప్సూలు మింగాడు.

“మరి రేపట్నుంచి వానికి?”

“సంగటి, కాఫీ వరకే,” అన్నాను.

డాక్టరుది రాతిగుండె అన్న పేరు పులివెందుల దాకా పాకింది. పాకించినవాళ్లలో నేనూ ఉన్నాను. నిజానికి నాకూ రక్తపోటే. రోజూ పొద్దున వేసుకునేది ఆ మందే. జీపు తొందరలో మరిచిపోయిన పూట మందు, ఆయన ఇంట్లో దొరికింది.

ఆ తర్వాత అక్కడ ఏ పార్టీవాళ్లకు మందు రాసినా, ముందుగా ఎవరు మింగుతారో అడిగి, ఆ మనిషి చేతికీ పట్టీ చుట్టి చూసేవాణ్ణి.