ఖాళీగ తిప్పని బండి

మా ఇంట్ల కారు ఖాళీగ తిరుగదు. పొద్దుగాల పాల క్యాన్లతోని పోతది, వచ్చేటప్పుడు బర్లకు తవుడు బస్తాలు ఏసుకోని వస్తది. ఈ కట్టుబాటు నేను పెట్టిందే. మా ఆయన సైకిల్ మీద పాలు పోసిన కాలం సంది అంతే. పెట్రోలు పోసి గాలిని మోసుడేంది?

కారు నడిపేది నా కొడుకు. డ్రైవర్ పక్క సీటు పీకి అటక మీద పడేసిండు. దుకాణాల మెట్లు ఎడమ దిక్కు ఉంటయని క్యానైనా బస్తా అయినా ఎడమ దిక్కే పేరుస్తడు. కుడి దిక్కు పెట్టాల్నంటే బండి చుట్టు నాలుగడుగులు నడవాలె. ఆ నాలుగడుగులకు పానం పోతది వానికి. గల్లీల నిలబడి బండ్ల సంగతి చెప్పుడు మొదలువెడితె మాత్రం, ఆ కారును వాడే పుట్టించిండా అన్నట్టు చెప్తడు.

నా మనుమరాలు చదువైనంక ఊకె కూసోలే. సైదాబాద్, మలక్‌పేట దిక్కు ఇల్లిల్లు తిరిగి అడిగి, మధ్యాహ్నం పూట అదే కారుల పెరుగు, పన్నీరు ఇచ్చొచ్చుడు పెట్టుకుంది. ఆ చిన్న డబ్బాలన్ని కలిపినా ఒక క్యాను బరువు కావు. లైసెన్స్ ఉంది, చెయ్యి నిదానం. నేను మూడో తరగతి కాడ బడి మానేసిన మనిషిని, గొప్పలు చెప్ప. కానీ పని చేసే చెయ్యేదో, ఊపే చెయ్యేదో నాకు తెలుస్తది.

ఒకదినం గల్లీ మలుపు కాడ కారు ఎడమ దిక్కు గోడకు గీసుకుంది. నేను ఎనక సీట్ల ఉన్న. పిల్ల స్టీరింగును కుడికి పట్టి గుంజుతుంటే రెండు చేతుల నరాలు లేచినయి, బండి మాత్రం ఎడమకే పోయింది. ఇంటికొచ్చినంక బండే ఎడమకు లాగుతుందని వాళ్ల నాయినకు చెప్పింది. వాడు నవ్విండు.

"నాకు లాగని బండి నీకెట్ల లాగుతదే? దానికి మనుషులు గుర్తుంటరా?"

కారు తాళంచెవి తీస్కోని పిన్నీసుతోని మొలతాడుకు కుచ్చుకున్నడు. నడిపినంక మళ్ల అక్కడికే. మా ముసలోళ్లు బీరువా తాళాలు అట్ల దాచేటోళ్లు. వీడు ఇంట్లనే పుట్టిన పిల్లను దొంగను చేసి దాచిండు. ఇంక చుట్టుపక్కలోళ్లు. ఆడపిల్లలకు చెయ్యి కుదరదని సైకిల్ సుత సరిగ తొక్కరానోళ్లు వచ్చి చెప్పిపోయిండ్రు. నా చాయ తాగి మరీ చెప్పిండ్రు.

పిల్ల రోజూ ఫోన్లు చేసి ఇయ్యాల పెరుగు రాదని చెప్పుడే పనైంది. రెండిండ్లోళ్లు పాకెట్ పెరుగు తెచ్చుకుంటమన్నరు. ఇంకో వారం పోతే కష్టపడి పట్టుకున్న ఇండ్లన్ని చేజారుతయి. అది ఏడ్వలే. డబ్బాలు కడిగి, తుడిచి, బోర్లేసింది.

మరునాడు ముందటి ఎడమ టైరును చేత్తోని తడిమిన. బయటి అంచు బోడిగుండు లెక్క నున్నగ ఉంది, లోపలి అంచుకు గాట్లు కొత్తగనే ఉన్నయి. కుడి టైరు మంచిగనే ఉంది. మా ఆయన చెప్పులు గిట్లనే ఒక అంచు అరిగేటియి, ఆయన కాలు ఒరిగి పడేది కాబట్టి. చెప్పు అరిగితే నడకను చూడాలె, చేతులను కాదు.

కొడుకు బస్తాలతోని రాంగనే, పిల్ల నడిపే తీరుగ ఖాళీ కావాలని అన్నీ దించమన్న. దించి, ఒక్కడివే గల్లీ చివరిదాంక పోయి రా అన్న. ఖాళీగానా అని అడిగిండు. ఇన్నేండ్లల్ల నా నోట్ల ఆ మాట వినలేదాయె. పోయిండు. అదే మలుపు కాడ, అదే గోడకు జానెడు దూరంల టక్కున బ్రేకేసిండు. దిగి నా మొఖం చూడలే, చక్రం దిక్కు చూసిండు. పిల్ల గడపల నిలబడి చూసింది, అదే చాలు.

ముగ్గురం బార్కస్ తొవ్వల ఉన్న మిస్త్రీ కాడికి పోయినం. పెద్దమనిషి, మాట తక్కువ. ముందుగాల డిక్కీ తెరిచి ఏమన్న బరువుందా చూసిండు. గాలి చూసిండు. బండిని నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలి, దాని పాటికది కుదురుకోనిచ్చిండు. చక్రాలకు కొలత పలకలు తగిలిస్తే మిషన్ మీద ఎడమ చక్రం అంకె ఎర్రగ వచ్చింది. చక్రం పైభాగం బయటికి ఎక్కువ ఒరిగిందన్నడు. దాన్ని క్యాంబర్ అంటరట. ఎటు ఒరిగితే బండి అటు లాగుతదట.

"అమ్మా, కొత్త టైర్లు ఏసి మిషన్ మీద చక్రాలు సరిచేయించిన దినం బండిల బరువుండెనా?"

కొడుకు మెడ గోక్కున్నడు. తవుడు బస్తాలుండెనట, ఎడమ దిక్కే. బరువుకు ఆ పక్క కుంగి చక్రం లోపలికి ఒరిగింది. టైర్ల దుకాణపాయన అదే చక్రం అసలు ఒరుగనుకోని బయటికి నెట్టిండు. ఆయన అడగలే, ఈయన చెప్పలే. బస్తాలుంటే సక్కగ పోతది, దించితే ఎడమకు పోతది. నా కొడుకు ఎన్నడూ దించి నడుపలే, నా మనుమరాలు ఎన్నడూ మోసి నడుపలే.

ఆ దినం దుకాణానికి దించి ఎందుకు పోలేదు బేటా అని మిస్త్రీ అడిగితే, వాడు నెమ్మదిగ అన్నడు:

"అమ్మనే చెప్పింది. ఖాళీగ తిప్పొద్దని."

బుద్ధి లేనోడని వాన్ని అన్నన్ని దినాలు తిట్టుకున్న. బుద్ధి లేని మాట నాది.

మిస్త్రీ చక్రాన్ని షాకప్‌కు పట్టే రెండు బోల్టులు ఒదులు చేసిండు. రంధ్రంల ఉన్న రవ్వంత సందుల చక్రం పైభాగాన్ని లోపలికి నెట్టి, బిగించి, మిషన్ చూసిండు. అంకె పచ్చగైంది. ఎట్లాగు రోజూ మోసుడే కదా, ఇంకొంచెం లోపలికి నెట్టమన్నడు నా కొడుకు, తెలివి చూపిస్తందుకు. కంపెనీ ఖాళీ బండికి ఇంతవరకే హద్దు పెట్టింది, నేను దాటనన్నడాయన. బరువు రెండు దిక్కుల పెట్టుకొమ్మన్నడు. రెండు చక్రాలు సూటిగ ముందుకు చూసేటట్టు సుత సరిచేసి, ఒక చుట్టు నడిపి చూసొచ్చి తాళంచెవి చాపిండు. నా కొడుకు అందుకోని అలవాటు కొద్ది మొలతాడు దిక్కు చెయ్యి పెట్టిండు.

"అక్కడ కాదు," అన్న. "బిడ్డకియ్యి. గోడది దాని తప్పు కాదు, నాది. ఆ మాట సుత నువ్వే గల్లీల చెప్పు."

ఇచ్చిండు. ముందు సీటు లేదు కాబట్టి తల్లీకొడుకులం ఎనక కూసున్నం. ఆ మలుపు కాడ పిల్ల చేతులు ఒదులుగ ఉన్నయి, బండి గోడను అంటుకోకుండ సక్కగ పోయింది. అది ఎనకకు తిరిగి ఒక్క మాట అనలే. నేనైతే అందును.

ఇంటికి రాంగనే అటక మీది సీటు దింపించిన. రేపటి సంది మధ్యాహ్నం దాని పక్కన కూసోని పాకెట్ పెరుగన్న ఆ రెండిండ్లకు నేనే పోయి అడుగుత. వచ్చేటప్పుడు తవుడు ఏసుకోవద్దు, ఖాళీగనే రావాలె. ఇన్నేండ్ల నా కట్టుబాటాయె, ఆ మాట ఇంక పైకి అనలే.